పాముకాటుకు పిలిచిన పేరు – మహబూబ్ అలీ పాషా

పొలం గట్టు మీద పాము కరిచిందంటే, ఒకప్పుడు మన పల్లెల్లో మొదట తలచుకునేది వైద్యుణ్ణి కాదు, పాదుషాను. కరిచినవాడి పక్కన కూర్చుని మహబూబ్ అలీ పాషా పేరు చెప్పి మొర పెట్టుకునేవారని, ఆ పేరు వింటే విషం దిగిపోతుందని జనం నమ్మేవారని మన పెద్దలు చెబుతూ వచ్చారు. హిందువులూ ముస్లింలూ అనే తేడా లేకుండా నిజాం రాజ్యమంతటా పాకిన నమ్మకం ఇది. పాముకాటు తిన్నవారు ఏ అర్ధరాత్రి వచ్చినా తనను నిద్ర లేపాలని పాషా తన నౌకర్లకు ఆజ్ఞ ఇచ్చి ఉంచారని కూడా చెప్పుకుంటారు.

ఈ కథ మనలో చాలామందికి తెలుసు. అదే పాషా ఖజానా సొమ్ముతో, ప్రాణం పోయేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెా అనే ప్రశ్నకు జవాబు కోసం హైదరాబాద్‌లో పెద్ద పరీక్ష జరిగిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ పరీక్షలో సగం నిజం తేలింది, సగం పొరపాటు తేలింది. ఈనాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మ చేతికి ఆ నిజంతోనూ పని ఉంది, ఆ పొరపాటుతోనూ పని ఉంది. అందుకే ఈ వారం మహబూబ్ అలీ పాషా జీవితాన్ని ఈ కోణం నుంచి మననం చేసుకుందాం.

పసితనంలోనే గద్దె

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో కన్నుమూసే నాటికి ఈ బిడ్డకు మూడేళ్లు కూడా నిండలేదు. పసివాణ్ణే గద్దె మీద కూర్చోబెట్టారు. రాజ్యభారాన్ని దివాన్ మొదటి సాలార్ జంగ్, అమీరె కబీర్ షమ్సుల్ ఉమరా మోశారు. బాలుడికి ఉర్దూ, ఫారసీ, అరబీలతో పాటు ఇంగ్లీషు చదువూ చెప్పించారు. 1883లో సాలార్ జంగ్ మరణించారు. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయ్ రిప్పన్ ప్రభువు హైదరాబాద్ వచ్చి, పద్దెనిమిదేళ్లు నిండని యువకుడికి పూర్తి అధికారాలు అప్పగించారు.

వేట అంటే ఆయనకు ప్రాణం. పులులను వేటాడిన పాషాగా పేరు పొందారు. దుస్తుల మీద, విలాసాల మీద చేసిన ఖర్చు గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. చేతికి ఎముక లేని దాత అనీ చెప్పుకుంటారు. మారువేషంలో రాత్రిళ్లు నగరంలో తిరిగి ప్రజల కష్టసుఖాలు తెలుసుకునేవారన్నది జనం నోట నిలిచిన మాట. ఆయనలో లోపాలు లేవని మనం అనం. అయినా జనం మాత్రం ఆయనను ప్రేమించారు. ఆ ప్రేమలోంచే పాముకాటు కథ కూడా పుట్టింది.

పేరు ఎందుకు పనిచేసినట్టు కనిపించింది?

ఆనాటి పరిస్థితి ఒకసారి ఊహించుకుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు ఎలగందల్ జిల్లా ప్రాంతాలు. 1905లో అది కరీంనగర్ జిల్లా అయింది. సిరిసిల్ల నుంచి హైదరాబాద్‌కు నూరు కిలోమీటర్ల పైమాట, కోరుట్ల నుంచి దాదాపు రెండు వందలు. మోటారు లేదు, దగ్గరలో రైలు లేదు. ఎడ్లబండి మీద బయలుదేరితే రోజులు పట్టే దారి. పాము విషానికి విరుగుడు మందు అనేదే 1890ల మధ్య వరకు ప్రపంచంలో లేదు. ఫ్రాన్సుకు చెందిన కాల్మెట్ దాన్ని తయారు చేసింది అప్పుడే. చేతిలో ఏమీ లేని మనిషి పేరును పట్టుకున్నాడంటే తప్పు పట్టలేం.

మరి ఆ పేరు చెప్పినవాళ్లలో చాలామంది బతికారు కదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి కారణం ఉంది. మన నేల మీద కరిచే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. విషపు పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటివాడు ఏ పేరు చెప్పినా బతుకుతాడు, చెప్పకపోయినా బతుకుతాడు. బతికినవాడు ఊరంతా చెబుతాడు. నిజంగా విషమెక్కినవాడు చెప్పడానికి మిగలడు. స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడేనని నమ్మే మనం, పాషా పేరు మీద ఎంత అభిమానం ఉన్నా, దాన్ని మందుగా తీసుకోలేం.

నాగుపాము, కట్లపాము విషం చేసే పని వేరు. అది నరాలకూ కండరాలకూ మధ్య సంబంధం తెంచుతుంది. కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరకు ఊపిరి పీల్చే కండరాలు చచ్చుబడతాయి. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆగిపోతుంది. ఆ సమయంలో ఎవరైనా ఊపిరి అందిస్తూ ఉంటే మనిషి నిలుస్తాడు. ఈ సంగతి మీద ఆనాడే పరిశోధన చేసిన ఒక వైద్యుడు తర్వాత పాషా అతిథిగా హైదరాబాద్‌కు వచ్చాడు. అతని పేరు లాడర్ బ్రంటన్. 1870లలో జోసెఫ్ ఫేరర్‌తో కలిసి నాగుపాము విషాన్ని పరీక్షించి, కృత్రిమ శ్వాస ఇస్తే విషమెక్కిన జంతువు ఎక్కువసేపు బతుకుతుందని చూసినవాడు అతను. అయితే అతను ఇక్కడికి వచ్చింది పాముల కోసం కాదు, మత్తుమందు కోసం.

మత్తుమందు తగాదా

1847లో ఎడింబరోలో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫాం మత్తును వాడుకలోకి తెచ్చాడు. శస్త్రచికిత్సలో నొప్పి లేకుండా పోయింది. కానీ 1848 జనవరిలోనే ఇంగ్లండులో పదిహేనేళ్ల పిల్ల ఒకతె, కాలి గోరు తీయించుకోవడానికి మత్తు తీసుకుని నిమిషాల్లో చనిపోయింది. ఆ తర్వాత అలాంటి మరణాలు అక్కడక్కడా జరుగుతూనే వచ్చాయి. ప్రాణం తీస్తున్నది గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా? లండన్ వైద్యుల్లో ఎక్కువమంది గుండె అన్నారు, నాడి పట్టుకుని చూడమన్నారు. ఎడింబరో వైద్యులు ఊపిరి అన్నారు, ఛాతీ కదలికను చూడమన్నారు.

1885లో హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదివినవాడు. 1846లో మొదలై, తొలినాళ్లలో ఉర్దూలోనే వైద్యం బోధించిన హైదరాబాద్ మెడికల్ స్కూలు బాధ్యత ఆయన చేతికి వచ్చింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడితో పని లేదని లారీ గట్టిగా నమ్మాడు. 1888లో నిజాం సర్కారు ఆమోదంతో మొదటి క్లోరోఫాం కమిషన్ పనిచేసింది. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె ఆ తర్వాతే అని తేల్చింది. లండన్‌లోని వైద్య పత్రిక లాన్సెట్ ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు.

ఇక్కడే మన పాషా సర్కారు చేసిన పని గమనించదగ్గది. మా మాట మీకు నచ్చకపోతే మానండి అని ఊరుకోలేదు. అలిగి కూర్చోనూ లేదు. ఒప్పుకోనివారే తమ మనిషిని పంపి కళ్లారా చూసుకోవచ్చని పిలిచింది, అందుకు వెయ్యి పౌన్లు ఇవ్వడానికి ముందుకు వచ్చింది. అప్పటి దివాన్ సర్ ఆస్మాన్ జా. అలా 1889లో బ్రంటన్ ఓడ ఎక్కి వచ్చాడు. రెండవ కమిషన్ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసింది. హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్య పత్రికల్లో మారుమోగింది. అనుమానంతో వచ్చిన బ్రంటన్ కూడా చివరకు లారీ పక్షానికే చేరాడు.

ఆ రోజుల్లో మెడికల్ స్కూలులో చదువుకున్న ఒక పారశీ యువతి ఉంది. ఆమె రూపాబాయి ఫర్దూన్‌జీ. లారీ దగ్గర మత్తు ఇవ్వడం నేర్చుకుని, ఈ పరీక్షల కాలంలోనే పనిలో దిగింది. మత్తు వైద్యమే వృత్తిగా చేసుకున్న స్త్రీలలో ప్రపంచంలోనే మొదటిదిగా ఆమెను చెప్పుకుంటారు. ఆడపిల్ల గడప దాటడమే గొప్ప అనుకునే కాలంలో, శస్త్రచికిత్స బల్ల తల వైపు నిలబడి రోగి ఊపిరిని లెక్కపెడుతూ కూర్చున్నది మన హైదరాబాద్ ఆడపడుచు.

సగం నిజం, సగం పొరపాటు

ఊపిరిని కనిపెట్టండి, గాలి వెళ్లే దారి మూసుకుపోకుండా చూడండి, ఊపిరి తగ్గితే వెంటనే కృత్రిమ శ్వాస ఇవ్వండి. హైదరాబాద్ ఇచ్చిన ఈ సలహా ఎందరి ప్రాణాలో కాపాడే సలహా. ఈనాటికీ మత్తు వైద్యుడు గాని, అత్యవసర విభాగం నర్సు గాని దీన్ని కాదనరు.

పొరపాటు రెండో సగంలో ఉంది. గుండె ముందుగా ఆగనే ఆగదు, నాడి చూడనక్కర లేదు అనడం నిజం కాదు. చిత్రమేమంటే, హైదరాబాద్‌లో రెండవ కమిషన్ కూర్చున్న అదే 1889లో స్కాట్లండులోని అబర్డీన్‌లో మాక్‌విలియం అనే శాస్త్రజ్ఞుడు వేరే సంగతి రాశాడు. గుండె కండరం లయ తప్పి, కొట్టుకోవడం మాని గిలగిలా వణకడం వల్ల మనుషులు హఠాత్తుగా చనిపోతుంటారని ఆయన చెప్పాడు. అలా వణికే గుండె నెత్తురును ముందుకు నెట్టలేదు. ఆనాడు ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ.

1911లో గుడ్‌మన్ లీవీ, థామస్ లూయిస్ పిల్లుల మీద పరీక్షించి దాన్ని క్లోరోఫాంకు ముడిపెట్టారు. మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండెకు ఎక్కువ ప్రమాదమని వారికి తెలిసింది. మనిషి భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. తేలిక మత్తూ, ఆ అడ్రినలిన్ పొంగూ కలిస్తే గుండె వణుకులో పడి ఆగిపోతుంది. గోరు తీయించుకోవడానికి వచ్చి, మత్తు మొదలైన నిమిషాల్లోనే పోయిన ఆ పిల్ల మరణానికి ఇదే కారణం కావచ్చు. హైదరాబాద్ ప్రయోగాల్లో జంతువులకు మత్తు గాఢంగా ఇచ్చారు. గాఢమైన మత్తులో ఆగేది ఊపిరే. వెతికిన చోటే వెతికారు, అక్కడ దొరికిందే మొత్తం నిజం అనుకున్నారు. లారీ 1901లో హైదరాబాద్ విడిచి వెళ్లిపోయాడు. 1915లో మరణించే దాకా తన మాట మార్చుకోలేదు.

ఇందులో పాషాను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఖజానా సొమ్ము ప్రయోగశాలను కట్టగలదు, దూరదేశపు పండితుణ్ణి పిలవగలదు. జవాబు సరైనదా కాదా అన్నది మాత్రం పాదుషా హోదా మీద ఆధారపడదు. దాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించుకోవలసిందే.

మూసీ వరద, చివరి రోజులు

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాద్ మీద పడింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. పాషా తండ్రి పేరు మీద వెలసిన అఫ్జల్‌గంజ్ దవాఖానా కూడా నీటిలో దెబ్బతింది. ఆ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూటయాభై మంది బతికి బయటపడ్డారు. పాషా తన మహళ్ల తలుపులు తెరిపించారు, అన్నశాలలు పెట్టించారు, తానే జనం మధ్యకు వచ్చారు. మళ్లీ అలాంటి ఆపద రాకుండా ఏం చేయాలో చెప్పమని మరుసటి ఏడు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆపద వచ్చాక ఆదుకోవడం ఒక పని, వచ్చే ఆపదకు ముందే సిద్ధపడడం ఇంకొక పని. పాషా సర్కారు రెండూ చేసింది.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా మహల్‌లో ఆయన కన్నుమూశారు. నలభై అయిదేళ్ల వయసు. మక్కా మసీదులో తన పూర్వీకుల పక్కన ఖననం చేశారు. హైదరాబాద్ చెప్పిన జవాబును లీవీ పరీక్ష సరిదిద్దింది కూడా ఆ ఏడాదే.

పేరు నుంచి చేతికి

గుండె వణుకును ఆపే దారి ఆ తర్వాత యాభై ఏళ్లకు గాని అందరికీ అందలేదు. 1950ల చివర్లో పీటర్ సఫార్ నోటితో ఊపిరి అందించే పద్ధతిని రుజువు చేశాడు. 1960లో అమెరికాలోని బాల్టిమోర్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు, ఛాతీ కోయకుండా పైనుంచి చేతులతో నొక్కి నెత్తురు ఆడించవచ్చని చూపారు. ఊపిరి వాదం, గుండె వాదం అక్కడ ఒక్కటయ్యాయి. 1970ల మధ్య నాటికి దానికి విద్యుత్ షాక్, మందులు, గుండె గీతను చదవడం కలిపి ఏసీఎల్ఎస్ అనే శిక్షణగా రూపొందించారు.

ఈ శిక్షణలో నర్సు నేర్చుకునేది ఏమిటి? మానిటర్ మీది గీతను చూసి షాక్‌కు లొంగే వణుకేదో, లొంగనిదేదో తేల్చుకోవడం. లొంగేదైతే ఆలస్యం లేకుండా షాక్ ఇవ్వడం. ఛాతీ నొక్కడం ఆపే క్షణాలను వీలైనంత తగ్గించడం. సంచితో ఊపిరి అందించడం. మూడు నుంచి అయిదు నిమిషాలకు ఒకసారి అడ్రినలిన్ ఇవ్వడం. ఎవరు నొక్కాలి, ఎవరు మందు ఇవ్వాలి, ఎవరు కాలం చూడాలి అన్నది ముందే పంచుకుని ఒక్క జట్టుగా పనిచేయడం. గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. రాత్రి వేళ డాక్టరు గారు వచ్చే లోపు మంచం దగ్గరికి ముందు చేరేది చాలాసార్లు నర్సే. ఆ నాలుగు నిమిషాలు ఆమె చేతిలోనే ఉంటాయి.

ఈ శిక్షణ పత్రానికి గడువు రెండేళ్లు. రెండేళ్లకు మళ్లీ నేర్చుకోవాలి, మళ్లీ పరీక్షకు నిలబడాలి. కొందరు దీన్ని విసుగుగా అనుకుంటారు. లారీ కథ తెలిసినవారు అలా అనుకోరు. నిన్న సరైనదనుకున్నది ఈరోజు మారవచ్చు. మారిందని తెలుసుకోని చేయి, ఎంత అనుభవం ఉన్నా, ప్రాణం మీదికి తెస్తుంది.

మన ఇళ్లకు, మన ఊళ్లకు

2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి. 2021లో సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల తెరిచారు. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైంది. పాషా కాలంలో రోజుల దూరంలో ఉన్న సహాయం ఇప్పుడు ఒక ఫోను దూరంలో ఉంది.

కానీ మన ఇళ్ల సంగతి కూడా చూసుకోవాలి. ఈ మూడు ఊళ్ల నుంచి ఎందరో కొడుకులు గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. ఇంట్లో మిగిలింది ముసలి తల్లిదండ్రులు, కోడళ్లు, పిల్లలు. అబ్బాజాన్ ఫజర్ నమాజుకు లేచి అక్కడే కుప్పకూలితే పక్కన ఉండేది కోడలే. ఆమె ఏం చేయాలి? పిలిచి చూడాలి. పలకకపోతే, ఊపిరి లేకపోతే లేదా ఆగి ఆగి గుటకలుగా వస్తుంటే, 108కు ఫోను చేయించాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చేయి వేసి, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. సహాయం వచ్చేదాకా ఆపకూడదు. ఇది కొత్తవారూ చేయగలిగిన పనే. ఒక్కసారి బొమ్మ మీద నేర్చుకుంటే చేతికి ధైర్యం వస్తుంది.

పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు బిగించకూడదు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయాలి. కరిచిన కాలుకో చేతికో బద్ద కట్టి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు విరుగుడు మందు ఇస్తారు. ఊపిరి ఆగిపోతే దారిలో ఊపిరి అందిస్తూనే తీసుకువెళ్లాలి. దుఆ చేయవద్దని ఎవరూ అనరు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాళ్లం మనం.

ఇంకొక మాట. మన ఇళ్లలో ఆడపిల్ల నర్సింగ్ చదువుతానంటే ముఖం చిట్లించే పెద్దలు ఇంకా కొందరున్నారు. రాత్రి డ్యూటీలు, పరాయి రోగులు అని వారి అభ్యంతరం. నూట ముప్పయి ఏళ్ల కిందటే హైదరాబాద్‌లో రూపాబాయి ఆ బల్ల దగ్గర నిలబడ్డారని వారికి చెప్పాలి. రేపు వారి ప్రాణమే ఆగే ఘడియ వస్తే, పక్కన నిలబడేది ఎవరింటి ఆడపిల్లో ఆలోచించమనాలి.

మహబూబ్ అలీ పాషా పేరు మన పల్లెల్లో మంత్రంలా నిలిచింది. ఆయన సర్కారు నడిపించిన దారి వేరు. అనుమానించినవాణ్ణి ఖర్చు పెట్టి పిలిచి, కళ్లతో చూసి తేల్చుకోమన్న దారి అది. పాషాను ప్రేమించేవాళ్లం ఆయన పేరును పాముకాటు దగ్గర వదిలేసి, ఆ దారిని పట్టుకుందాం. ఈ వారమే మన మొహల్లాలో ఒక నర్సు చెల్లెల్ని పిలిచి, ఛాతీ ఎలా నొక్కాలో ఇంటిల్లిపాదికీ నేర్పించమని అడుగుదాం.